ఏడో గట్టులో జ్వరాలు లేవు

ఆరుద్ర కార్తె, సోమవారం

జ్వరాలని ముందే ఊహించే మా కంప్యూటరు నమూనా పనితీరు తప్ప ఈ దినచర్యలో మరేమీ రాయవద్దని పై నుంచి తాఖీదు వచ్చింది. సరే, అదే రాస్తాను. నమూనా పనితీరు ఏమీ బాగాలేదు.

మా ఊళ్ళన్నీ నీళ్ళ మధ్య పోసిన గట్లే. వాటిలో నాలుగో గట్టులో దోమలు ఉన్నట్టుండి తగ్గిపోయాయని నిన్నటి నుంచీ దానికి ఒకటే సంబరం. పటంలో ఆ గట్టుకి పచ్చరంగు వేసేసి, దోమలకి పొగమందు కొట్టడానికి అక్కడికి బయలుదేరిన పొగపడవని వెనక్కి పిలిపించింది. నాకు నమ్మకం కుదరక, పొద్దున్నే పడవ వేసుకుని వెళ్ళి దోమల బోను మూత తీశాను. లోపల బల్లి. దోమల్ని లెక్కపెట్టే కెమెరా అద్దానికి కరుచుకుని, తిన్నది అరక్క కదలకుండా పడి ఉంది.

వచ్చి నివేదికలో ఉన్నదున్నట్టు రాశాను. మా జ్వర సూచన కేంద్రం అధికారి పరబ్రహ్మం గారు "బల్లి" కొట్టేసి "సాంకేతిక అంతరాయం" అని దిద్దారు.

"ఏమ్మా హైమా, బల్లి అని రాస్తే బాగుంటుందా? పైవాళ్ళు చదువుతారు."

"బల్లే కదా సార్."

"అయినా సరే."

బల్లిని పట్టుకుని బయట వదిలేశాను కాబట్టి ఆ గొడవ తీరింది. తీరనిది ఏడో గట్టు. అక్కడి బోనులో బల్లి లేదు, తొండ లేదు. నేనే వెళ్ళి చూశాను. దోమలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. వాన పడుతోంది, ఎండ కాస్తోంది. భూమిలో నీళ్ళు ఉప్పు కాబట్టి ప్రతి ఇంట్లోనూ వాన నీళ్ళ డ్రమ్ములు నిండి ఉన్నాయి. డెంగీ దోమకి ఇంతకంటే మంచి పుట్టిల్లు ఉండదు. అయినా అక్కడ ఒక్కరికీ జ్వరం లేదు.

ఆరుద్ర కార్తె, గురువారం

నమూనా ఎలా ఆలోచిస్తుందో పరబ్రహ్మం గారికి ఇవాళ మళ్ళీ చెప్పాను. కొత్తమొగలోని ఎనిమిది గట్లకీ కంప్యూటరులో ఎనిమిది నకళ్ళు ఉన్నాయి. ఆ నకలు ఊళ్ళలోనూ మనుషులు పనులకి వెళ్తారు, దోమలు గుడ్లు పెడతాయి, వాన పడితే డ్రమ్ములు నిండుతాయి. ఎండ ముదిరితే దోమ కడుపులో క్రిమి తొందరగా పెరుగుతుంది. అలా నకలులో ముందుగా జ్వరాలు వస్తాయి, అవి ఎక్కడ వస్తే అసలు ఊళ్ళో అక్కడికి పొగపడవ వెళ్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నకలులో వచ్చిన జ్వరాలకీ నర్సులు పంపే లెక్కకీ పొంతన కుదరకపోతే, నమూనా తన లెక్కలే మార్చుకుంటుంది. నర్సు రాసింది తప్పు కావచ్చన్న అనుమానం దానికి ఎవరూ నేర్పలేదు.

అందుకని ఏడో గట్టు విషయంలో అది ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఆ గట్టు మనుషుల్ని దోమలు కుట్టవట.

"కుట్టవేమో," అన్నారు పరబ్రహ్మం గారు.

"దోమలకి వాళ్ళ మీద జాలెందుకు సార్?"

"ఎందుకో కనిపెట్టు. మంచి పరిశోధన పేపరవుతుంది." ఆయన బల్ల మీది ఫైలు నా వైపు తిప్పారు. ఏడో గట్టుని "జ్వర రహిత ఆదర్శ గట్టు"గా ఎంపిక చేశారు. సన్మానం ఆశ్లేష కార్తెలో. మంత్రిగారు వస్తారు. "మన కేంద్రానికి కూడా జ్ఞాపిక ఇస్తారు," అన్నారు, గొంతు తగ్గించి.

ఈలోగా నమూనా ఏడో గట్టుకి పొగపడవని పూర్తిగా మానిపించింది. అవసరం లేని చోటికి మందు ఎందుకని దాని వాదన.

పునర్వసు కార్తె, మంగళవారం

ఏడో గట్టుకి వెళ్ళాను. చెప్పకుండా వెళ్దామనుకున్నాను గానీ, గట్టు ముందు కాలవ మీది లాకు తలుపులు దాటేసరికి గట్టు పెద్ద సంగాడి ధనరాజు గారు రేవులో కొబ్బరిబోండాంతో నిలబడి ఉన్నారు. రొయ్యల చెరువుల మనిషి. మర్యాదకి లోటుండదు, నిజానికే కరువు.

"ఆయ్, మా గట్టులో జొరాలేం లేవండి. డ్రమ్ములన్నిటికీ మూతలేయించామండి. చూస్కోండి."

చూశాను. మూతలున్నాయి. నేను వస్తున్నానని తెలిసి వేసినవే; కొన్నింటి మీద ఇంకా అన్నం మెతుకులున్నాయి, వంటింట్లో గంజి వార్చే సిబ్బి మూతలు. ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ఒక గది తలుపు వేసి ఉంది. లోపల ఎవరని అడిగితే రాత్రి వేటకి వెళ్ళొచ్చి పడుకున్నారన్నారు. గట్టంతా వేటకి వెళ్ళొస్తే రేవులో పడవలన్నీ పొడిగా ఎందుకున్నాయో నేను అడగలేదు. ఎందుకంటే అప్పటికే నా కళ్ళు బొప్పాయి చెట్ల మీద పడ్డాయి.

ఏడో గట్టులో ఒక్క బొప్పాయి చెట్టుకీ ఆకు లేదు. కాయలున్నాయి, కాండం ఉంది, పైన బోడిగుండు. వరసగా ఇన్ని బోడి చెట్లని నేనెక్కడా చూడలేదు. డెంగీ వస్తే బొప్పాయి ఆకు రసం పట్టాలని మా అమ్మమ్మ కాలం నుంచీ చెప్పుకుంటున్నారు. ఇన్ని యంత్రాలొచ్చినా అది మాత్రం పోలేదు.

"ఈ చెట్లకేమైందండీ?"

ధనరాజు గారు చెట్టు వైపు చూశారు. నా వైపు చూడలేదు. "తెగులండి."

"అన్నిటికీ ఒకేసారా?"

"అంటు తెగులండి."

ఇంకా అడిగితే ఆయన అబద్ధం పెరుగుతుంది తప్ప నాకు నిజం దొరకదు. తిరిగి వచ్చేశాను. కొబ్బరినీళ్ళు మాత్రం బాగున్నాయి.

పునర్వసు కార్తె, శుక్రవారం

వాళ్ళు ఎందుకు దాస్తున్నారో తెలియక కాదు. ప్రతి లాకు మీదా ఒక జ్వరకన్ను ఉంది. పడవలో ఒళ్ళు కాలుతున్న మనిషి ఉంటే పట్టేసి నమూనాకి చెబుతుంది. నర్సు పంపిన లెక్కలూ అందులోకే వెళ్తాయి. జ్వరాలు ఎక్కువయ్యాయని నమూనాకి తోచిన క్షణాన లాకు తలుపులు మూసుకుంటాయి, మళ్ళీ దానికి తోచినప్పుడే తెరుచుకుంటాయి. నిరుడు ఏడో గట్టు వాళ్ళు నిజాయితీగా జ్వరాలు చెప్పారు. లాకు మూసేశారు. పట్టిన రొయ్య అంతా రేవులోనే కుళ్ళిపోయింది. రెండు పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. లోపలికి వెళ్తామన్న డాక్టర్ల పడవ మాత్రం వెళ్ళనే లేదు.

మనుషులు తిరక్కపోతే జ్వరం పాకదని ఈ ఏర్పాటు చేసిన వాళ్ళ లెక్క. దోమ తలుపు దాటి ఎగురుతుందన్నది వాళ్ళ దృష్టికి రాలేదు.

లాకులకీ నమూనాకీ సంబంధం తెంపేయమని పరబ్రహ్మం గారిని అడిగాను. బొప్పాయి చెట్ల సంగతి చెప్పాను.

"చెట్లకి ఆకులు లేవని లాకులు ఆపమంటావా? ఏమని రాయను?"

"జ్వరాలు దాస్తున్నారని రాయండి సార్."

"సన్మానం పెట్టుకుని?"

ఆయన చెడ్డవాడు కాదు. గోడకి జ్ఞాపిక పెట్టడానికి మేకు కూడా కొట్టించుకున్నాడు, అదే వచ్చిన చిక్కు.

పుష్యమి కార్తె, బుధవారం

పొద్దున ఏడో గట్టు నర్సు ఎస్తేరు మా ఇంటికి వచ్చింది. వారం వారం నాకు సున్నాలు పంపుతున్నది ఈమే. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సున్నా రాయకపోతే గట్టులో నన్ను ఉండనివ్వరు మేడం. మా ఇల్లూ అక్కడే," అంది. "ఇప్పుడు దానికోసం రాలేదు. ధనరాజు గారి కోడలు సూర్యకళకి ఎనిమిదో నెల. నాలుగు రోజుల్నించి జ్వరం. కడుపునొప్పి, వాంతులు. ఇవాళ చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది."

"ఆసుపత్రికి తీసుకురాలేదేం?"

అడిగాక నా ప్రశ్నకి నాకే ఒళ్ళు మండింది. ఆసుపత్రి ఉన్నది ఇక్కడ, మా కేంద్రం ఉన్న మొదటి గట్టులో. దారిలో లాకు ఉంది. లాకు మీద జ్వరకన్ను ఉంది. ఆ పిల్ల దాటితే గట్టంతా మూతపడుతుంది. సొంత కోడలి కోసం ఊరిని ముంచాడన్న మాట పడలేక ధనరాజు గారు ఆగిపోయారు.

"ఇంకా ఎంతమంది ఉన్నారు?"

"చాలామంది. ముగ్గురు పోయారు మేడం. ధనరాజు గారి అక్క కూడా. గుండెపోటని చెప్పుకున్నాం."

నేను కేంద్రానికి వెళ్ళి నమూనాని మరమ్మతులో పెట్టాను. మరమ్మతు జరుగుతున్నంతసేపూ లాకులు ఉన్నవి ఉన్నట్టే ఉండాలని నిబంధన. నమూనా పాడైందనడం అబద్ధమేమీ కాదు; మనుషుల్ని దోమలు కుట్టవని చెప్పే యంత్రం ఇంకెలా పాడవుతుంది? కారణం అని ఉన్న చోట "తప్పుడు లెక్కలు" అని రాశాను. దిద్దడానికి పరబ్రహ్మం గారు ఇంకా రాలేదు.

ఎస్తేరు ఫోనులోంచే ధనరాజు గారితో మాట్లాడాను.

"లాకు మూసుకోదు. అమ్మాయిని తీసుకురండి."

"మీ మాట మీద గట్టంతా ఎండబెట్టమంటారాండి?"

"నేనే వస్తున్నాను. తలుపులు పడితే మీతోపాటు నేనూ లోపలే ఉంటాను."

ఆయన కొడుకుని కేకేయడం వినిపించింది. తర్వాత, "పడవ కడతానండి," అన్నారు.

సూర్యకళని పడవలో చాప మీద పడుకోబెట్టారు. నా చెయ్యి పట్టుకుంది. ఆ వేడికి నా అరచెయ్యి తడిసిపోయింది. భర్త తెడ్డు వేస్తున్నాడు. మోటారు ఉన్నా వేయలేదు, చప్పుడైతే కన్ను పట్టేస్తుందని ఆ పిల్లాడి భయం. లాకు కిందికి రాగానే కన్ను పట్టనే పట్టింది. ఎర్రదీపం వెలిగింది, సైరను మొదలైంది. గట్టు మీద జనం బారులు తీరి చూస్తున్నారు. నేను ఇనుప తలుపుల్నే చూస్తున్నాను. నిబంధన చదివింది నేను, మీట నొక్కింది నేను, అయినా ఆ నిబంధననే మనసులో మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

తలుపులు కదల్లేదు.

మేము అవతలికి వెళ్ళాక వెనక్కి చూస్తే రేవులో ఇంకో పడవ విప్పుతున్నారు. దాని వెనక ఇంకొకటి. మధ్యాహ్నానికి ఏడో గట్టు మూసిన గదుల తలుపులన్నీ తెరుచుకున్నాయి. సైరను ఆగకుండా మోగుతూనే ఉంది, చివరికి ఎవరో దాని వైరు పీకేశారు. ఎవరో నేను విచారించలేదు.

పుష్యమి కార్తె, శనివారం

ఆసుపత్రి వరండాలో కాలు పెట్టడానికి చోటు లేదు. సూర్యకళకి రక్తం ఎక్కించారు, ప్లేట్‌లెట్లు ఎక్కించారు. నిన్న ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. నెలలు నిండలేదు గనక అద్దాల పెట్టెలో ఉంచారు. తల్లి ఇవాళ కళ్ళు తెరిచి జావ అడిగింది.

పరబ్రహ్మం గారు రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. సన్మానం రద్దయింది. ఇవాళ పిలిచి, "నీ మీద వివరణ అడిగారు," అన్నారు.

"ఇస్తాను సార్. ముందు ఇది చూడండి."

నిజం లెక్కలన్నీ నమూనాకి ఇచ్చి నడిపించాను. మొదటిసారి అది తెలివైన పిల్లలా మాట్లాడింది. ఏడో గట్టు మనుషుల్నీ దోమలు కుడతాయని ఒప్పుకుంది. తర్వాత జ్వరాలు రాబోయేది మొదటి గట్టుకని చెప్పింది. ఆసుపత్రి ఇక్కడే ఉంది, రోగులు ఇక్కడే ఉన్నారు. పైగా ఈ గట్టులో ప్రతి ఆఫీసు ముందూ తామరపూల తొట్టెలు. వాటికి మూతలు వేయమని చెప్పే ధైర్యం ఎవరికుంది?

"మొదటి గట్టులో ఇంతవరకూ రాలేదు," అన్నారాయన.

"అందుకే కదా సార్ దీన్ని సూచన అంటారు. వచ్చాక చెప్పడానికి యంత్రం దేనికి?"

ఆయన నన్ను పక్కకి జరగమని, తన తాళంతో తానే మరమ్మతు ఎత్తేశారు. లాకులు మళ్ళీ నమూనా చేతికి వెళ్ళాయి. ఏడో గట్టు తలుపులు పడిన సంగతి తెర మీద ఒక ముక్కలో వచ్చింది.

కాసేపటికి ధనరాజు గారి ఫోను. తిడతారేమోనని చెవికి దూరంగా పట్టుకున్నాను. "మిగతావోళ్ళని తేడానికి మావోడు ఇటొచ్చాడండి, ఇద్దరం ఇటే ఉండిపోయామండి," అన్నారు మామూలుగా. "మనవరాల్ని ఇంకా సూళ్ళేదండి. ఎలా ఉందండి?"

తిట్టి ఉంటే బాగుండేది.

ఆశ్లేష కార్తె, సోమవారం

పరబ్రహ్మం గారు స్వెటర్ వేసుకుని ఆఫీసుకి వచ్చారు. కిటికీలోంచి వచ్చే గాలికి కాగితాలు కూడా చెమట పట్టి అంటుకుపోతున్న రోజు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. కుర్చీలో కూర్చోవడానికి బల్ల అంచు పట్టుకున్నారు.

"జ్వరమా సార్?"

"జలుబు."

థర్మామీటరు తెచ్చాను. వద్దన్నారు. నేను పట్టుకునే నిలబడ్డాను. చివరికి నోట్లో పెట్టుకున్నారు. తీసి చూసి నాకివ్వలేదు. నేనే లాక్కోవాల్సి వచ్చింది. నూట మూడు.

"హైమా, ఇది నువ్వు రాయకు," అన్నారు. "నిన్న ఆసుపత్రిలో ఈ గట్టువాళ్ళవి కొన్ని కేసులొచ్చాయట. నాదీ కలిస్తే తలుపులు పడతాయి. మా అమ్మాయి పరీక్షకి రేపు మూడో గట్టుకి వెళ్ళాలి. ఒక్క రోజు ఆగు."

ఇన్ని వారాలుగా నాకున్న కోపమంతా ఆ నిమిషంలో ఎటు పోయిందో తెలియదు. ఎదురుగా ఉన్నది వణుకుతున్న పెద్దమనిషి. కూతురి పరీక్ష కోసం అడుగుతున్నాడు. ధనరాజు గారి రొయ్యల కంటే, ఆగిపోయిన ఆ పెళ్ళిళ్ళ కంటే ఇదేం తక్కువ కారణం కాదు.

"ఏడో గట్టులో అందరూ ఇదే అన్నారు సార్," అన్నాను. "ఒక్క రోజు ఆగుదామనే అన్నారు."

ఆయన థర్మామీటరు కోసం చెయ్యి చాచారు. నేను రాశాను. ముందు ఆయన్ని ఆసుపత్రికి పంపి, తర్వాత రాశాను.

సాయంత్రం మొదటి గట్టు లాకు మూసుకుంది. లోపల కలెక్టరేటు, అధికారుల ఇళ్ళు, తనిఖీకి వచ్చి తిరిగి వెళ్ళబోతున్న పెద్ద అధికారి లాంచీ. ఆ లాంచీ హారను ఆగకుండా కొడుతూనే ఉన్నారు. దాని వైరు ఎవరూ పీకలేదు.

ఆశ్లేష కార్తె, గురువారం

ఉత్తర్వు వచ్చింది. ఏడో గట్టు నిరుడంతా అర్జీలు పెట్టినా రానిది, మొదటి గట్టు మూతపడగానే వచ్చేసింది. ఇకపై లాకులకీ నమూనాకీ సంబంధం లేదు. పటంలో ఎరుపు ఎక్కడుంటే అక్కడికి పొగపడవ, దోమతెరలు, డాక్టర్ల పడవ వెళ్ళాలి. జ్వరకన్నులు తీసేయాలి. కింద సంతకం పరబ్రహ్మం గారిది. ఆసుపత్రి మంచం మీద పెట్టారట, గీత కాస్త వంకరగా ఉంది. ఉత్తర్వులో నా పేరు లేదు. వివరణ మాత్రం ఇంకా ఇవ్వాలట.

ఆయన్ని చూడటానికి వెళ్ళాను. జ్వరం దిగింది, నీరసం ఉంది. వాళ్ళమ్మాయి పరీక్ష వాయిదా పడింది. మొదటి గట్టు వాళ్ళు రాయలేరు గనక అందరికీ వాయిదా వేశారట. అది విని నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. కానీ ఆయన పక్క వార్డు వైపు చూపించి, "ఆ పాప బరువు పెరిగిందట," అన్నారు. ఆయన అడిగి తెలుసుకున్నారని నాకు అప్పుడర్థమైంది.

వరండాలో ధనరాజు గారు, కొడుకు కనిపించారు. పొద్దున తలుపులు తెరవగానే వచ్చారట. అద్దాల పెట్టె ముందు ఇద్దరూ చేతులు కట్టుకుని, గుళ్ళో నిలబడినట్టు నిలబడి ఉన్నారు. నన్ను చూసి ధనరాజు గారు ఏదో అనబోయారు. మళ్ళీ అద్దం వైపు తిరిగారు. "అక్కనీ ఇలాగే తీసుకొచ్చేద్దుమండి," అన్నారు చివరికి.

నేనూ వాళ్ళ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మఖ కార్తె, ఆదివారం

నమూనా పనితీరు: కొత్త తలనొప్పి.

జ్వరం చెబితే తలుపులు పడవని, పైగా డాక్టర్ల పడవ వస్తుందని గట్లన్నిటికీ తెలిసిపోయింది. ఇప్పుడు దాచేవాళ్ళు లేరు, ఆగేవాళ్ళూ లేరు. తుమ్మితే ఫోను, ఒళ్ళునొప్పులకి ఫోను. ఎనిమిదో గట్టు వాళ్ళయితే తమకి పటంలో పసుపు వేశారని, ఏడో గట్టుకి ఎరుపు వేసి తమని చిన్నచూపు చూశారని ఆఫీసు మీదికి వచ్చారు. ఎరుపు మంచిది కాదని చెప్పడానికి నాకు పూటంతా పట్టింది. నమూనా ఈ లెక్కలన్నీ మింగి, వచ్చే కార్తెకి కొత్తమొగలో ఉన్న జనం కంటే ఎక్కువమందికి జ్వరం వస్తుందని తేల్చింది. ఇప్పుడు దానికి అనుమానించడం నేర్పాలి. ఎంత అనుమానించాలో ముందు నాకు తెలియాలి.

ఎస్తేరుకి పని ఎక్కువైందని ఏడో గట్టు లెక్క ధనరాజు గారే చెబుతున్నారు. రోజూ నేను టీ తాగకముందే ఫోను చేస్తారు. ఇవాళ పన్నెండు జ్వరాలని చెప్పారు. పేర్లు రాసుకుంటుంటే చివరి పేరు దగ్గర ఆగాను.

"ఈ సీతాలు ఎవరండీ? నిన్నటిదాకా మీ గట్టు లెక్కలో లేదే?"

"మా మేకండి."

"మేకా?"

"ఆయ్. ఒళ్ళు బాగా కాలుతోందండి. ఏదీ దాచొద్దన్నారు కదండి మీరు."

ఫోను పెట్టేసి కాసేపు తల పట్టుకుని కూర్చున్నాను. మేకని తీసేసి మిగతా పదకొండు పేర్లూ నమూనాకి ఇచ్చాను. పటంలో ఏడో గట్టు ఎర్రబడింది. కిటికీలోంచి చూస్తే లాకు తలుపులు తెరిచే ఉన్నాయి. వాటి మధ్య నుంచి డాక్టర్ల పడవ అటే వెళ్తోంది.